పాత పోలీసు కారు: నిలబెడితే బ్యాటరీ దిగిపోతుంటే

వేలంలో కొన్న క్రౌన్ విక్టోరియా (అమెరికా పోలీసులు వాడిన ఫోర్డ్ కారు) రెండు రోజులు కదలకపోతే స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ మంచిదే. సైరన్, రేడియో పీకేసినా వాటి వైర్లు లోపలే మిగిలిపోతాయి.

నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టాను. తలుపులన్నీ మూసి అరగంట ఆగాలి. ఆపి ఉన్న కారు లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు; 400 చూపించింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీసినా తగ్గలేదు. బ్యాటరీ నుంచి నేరుగా డిక్కీలోకి లావు ఎర్ర వైరు, దాని చివర టేపు చుట్టిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్). ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వైరును బ్యాటరీ దగ్గరే విప్పాక 30కి దిగింది. డిక్కీలో కోసి వదిలేయొద్దు: కరెంటున్న ఆ కొస బాడీకి తగిలితే మంటే.

కొనేముందు ఐడిల్ గంటలూ (కారు కదలకుండా ఇంజిన్ నడిచిన గంటలు) చూడండి. ఫోర్డ్ లెక్కలో ఒక గంట ఐడిల్ దాదాపు 33 మైళ్ల అరుగుదల.