హోటల్ వంటగదిలో కాలు జారకుండా నేల కడగడం ఎలా?

వంటగదిలో కాలు జారేది చాలాసార్లు ఒట్టి నీళ్ల వల్ల కాదు, ఆ నీళ్ల కింద ఉన్న జిడ్డు వల్ల. మూకుడు నుంచి ఎగిరే నూనె తుంపరలు నేల మీద పల్చని పొరగా పేరుకుంటాయి. దాని మీద తడి మాపు తిప్పితే పొయ్యి దగ్గరి జిడ్డు సింకు దాకా పాకుతుంది, అంతే.

నూనె ఒలికితే ముందు నీళ్లు పోయకండి. పాత గుడ్డతో పీల్చి ఎత్తేయండి; ఆ గుడ్డని పొయ్యి దగ్గర పడేయొద్దు. దోసెపిండి ఒలికితే రేకుతో గీకి ఎత్తాక నీళ్లు పోయండి.

రాత్రి కడిగేటప్పుడు ముందు మెతుకులూ తొక్కలూ ఊడ్చేయండి. జిడ్డు తీసే లిక్విడ్‌ను డబ్బా మీద రాసిన పాళ్లలోనే వేడినీళ్లలో కలపండి. చాలామంది ఇంకో మూత ఎక్కువ పోస్తారు. ఆ మిగులు సబ్బు నేల మీదే ఉండిపోయి, మర్నాడు తడి తగలగానే జారుడు మొదలవుతుంది. పోసిన లిక్విడ్‌ను ఆరనివ్వకుండా 5 నుంచి 10 నిమిషాలు నాననిచ్చి, గట్టి బ్రష్‌తో టైల్స్ సందులు కూడా రుద్దండి. మురికినీళ్లు వైపర్‌తో జాలీలోకి లాగి, మంచినీళ్లతో కడిగి, మళ్లీ లాగండి. ఆరాక తెల్ల కాగితంతో గట్టిగా రుద్ది చూడండి. జిడ్డు మరక పడితే మళ్లీ కడగాల్సిందే.

యాసిడ్ జోలికి వెళ్లకండి. సిమెంటు సందుల్ని తినేస్తుంది. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

పగటిపూట తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఫ్రిజ్ కారడం, సింకు పైపు లీకు, జాలీలో ఇరుక్కున్న మెతుకులు: ఇవి సరిచేయకుండా ఎంత తుడిచినా దండగే. హెచ్చరిక బోర్డు తడి ఉన్నంతసేపే పెట్టండి, రోజంతా ఉంటే ఎవరూ పట్టించుకోరు. హవాయి చెప్పులు వద్దు. మడమ దాకా మూసి, అడుగున గాడులున్న రబ్బరు బూట్లు వేసుకోండి.

ఎవరైనా పడితే వెంటనే లాగి లేపకండి. తల తిరుగుతోందా, మెడ, నడుం, తుంటి నొప్పిగా ఉన్నాయా అని అడగండి. ఉంటే కదపకుండా 108కి ఫోన్ చేయండి. చేయి ఆనించి పడినవాళ్లకి మణికట్టు వాస్తే ఎక్స్‌రే తీయించాలి. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్ల ప్రమాదాన్ని అదే రోజు ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి, చూసినవాళ్ల పేర్లతో సహా. పని చేయలేని రోజులకి వేతనంలో 90 శాతం పరిహారం అడిగేటప్పుడు ఆ నమోదు కావాలి.