గిరాకీ ఫోన్‌లో టిక్కు కాదు, మన ఖాతాలో పైసలు చూడాలి

2024 ఫిబ్రవరి, మేడారం జాతర ముందు వారం. హనుమకొండలో మా దుకాణం ముందు బెల్లం కోసం జనం ఆగకుండా వస్తున్నారు. ఒకాయన 40 కిలోల బెల్లం రెండు సంచుల్లో కట్టించుకుని, ఫోన్ తీసి మా పిల్లవాడి ముఖం ముందు పెట్టి, "కొట్టిన తమ్మీ, చూడు" అన్నాడు. పచ్చ టిక్కు, మా దుకాణం పేరు, 2,200 రూపాయలు, టైమ్‌తో సహా అన్నీ ఉన్నాయి. రాత్రి గల్లా లెక్క చూస్తే ఆ 2,200 మాత్రం ఎక్కడా లేవు.

అలాంటి స్క్రీన్ తయారుచేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పేరు, అమౌంట్ టైప్ చేస్తే చాలు, అసలు యాప్ లాగే టిక్కు వస్తుంది, టింగుమని సౌండ్ కూడా వస్తుంది. అందుకే మొదటి మాట ఇదే: గిరాకీ ఫోన్‌లో ఏముందో అసలు చూడకండి. డబ్బు పడగానే గట్టిగా చెప్పే మీ పేమెంట్ స్పీకర్ మోగాలి, లేదా మీ ఫోన్‌లో కనబడాలి. ఎస్సెమ్మెస్ కూడా లెక్కలోకి రాదు, ఎందుకంటే బ్యాంకు పంపినట్టే రాసి ఎవరైనా పంపొచ్చు. మీ బిజినెస్ యాప్ తెరిచి అందులో ఆ ఎంట్రీ ఉంటేనే వచ్చినట్టు. అనుమానం ఉంటే వాళ్ల 12 అంకెల యూటీఆర్ నంబర్ (ప్రతి పేమెంట్‌కు వచ్చే గుర్తింపు నంబర్) అడిగి, మీ దగ్గర పడ్డ ఎంట్రీ నంబర్‌తో పోల్చి చూడండి. నకిలీ స్క్రీన్ మీద కూడా 12 అంకెలు ఉంటాయి కాబట్టి మీ వైపు కలిస్తేనే నమ్మాలి.

పొద్దున షటర్ ఎత్తగానే నేను చేసే పని ఒకటుంది, మీరూ అలవాటు చేసుకోండి. ఇంట్లో వాళ్ల ఫోన్‌తో మన క్యూఆర్ స్కాన్ చేసి 1 రూపాయి కొట్టాలి. స్కాన్ చేయగానే వచ్చే పేరు మనదేనా అన్నది తెలుస్తుంది, ఎందుకంటే రాత్రికి రాత్రి మన స్టిక్కర్ మీద ఇంకొకరి స్టిక్కర్ అంటించి పోయేవాళ్లు ఉన్నారు. స్పీకర్ మోగుతోందా అన్నదీ అదే రూపాయితో తేలిపోతుంది. స్పీకర్‌లో వేరే సిమ్ ఉంటుంది కాబట్టి లోపల బియ్యం బస్తాల వెనకాల పెడితే సిగ్నల్ అందదు, గుమ్మం వైపు పెట్టండి. సద్దుల బతుకమ్మ రోజు, జాతర రోజుల్లో నెట్‌వర్క్ జామ్ అవుతుంది, అప్పుడే మోసం ఎక్కువ. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర ఒక మనిషిని ఎంట్రీలు చూడడానికే పెట్టండి. కొన్ని బిజినెస్ యాప్‌లలో స్టాఫ్ నంబర్ చేర్చుకోవచ్చు, అప్పుడు మీరు లేకపోయినా పైసలు పడ్డాయో లేదో వాళ్లకు కనబడుతుంది.

నిజంగానే వాళ్ల ఖాతాలో కట్ అయ్యి మనకు రాకపోతే? "అక్కా, ఇంకా పడలేదు, ఒక్క నిమిషం కూర్చోండి" అని మర్యాదగా చెప్పండి, అందరూ దొంగలు కాదు. రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన నియమం ప్రకారం, దుకాణానికి చేరని యూపీఐ డబ్బు 5 రోజుల్లోగా కట్టినవాళ్ల ఖాతాకు తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 100 రూపాయల చొప్పున వాళ్లకు కట్టివ్వాలి. ఈ సంగతి చెబితే చాలామంది శాంతంగా నగదు ఇస్తారు.

డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టే పనే లేదు, పిన్ అడిగారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్ట్‌లను, అంటే డబ్బు పంపమని యాప్‌లో వచ్చే అడుగుళ్లను, యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి ఆపించింది కానీ మోసగాళ్లు వేరే లింకులు పంపడం మానలేదు.

ఇప్పుడు నాకు బాగా టెన్షన్ పెట్టే సంగతి. "అన్నా, పొరపాటున 5,000 ఎక్కువ పడ్డాయి, ఈ నంబర్‌కు తిరిగి పంపు" అని ఫోన్ వస్తుంది. చూస్తే ఒక్కోసారి నిజంగానే పడి ఉంటాయి. పంపకండి. అవి ఎక్కడో ఎవరినో మోసం చేసిన డబ్బు కావచ్చు. నాలుగు రోజుల తర్వాత ఆ మోసపోయినవాళ్ల ఫిర్యాదు మీద పోలీసులు ఆ డబ్బు దారి పట్టుకుని వస్తే మొదట చిక్కేది మీ ఖాతా. "మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి, నా బ్యాంకుకు నేనూ చెప్తాను" అని చెప్పి, ఆ రోజే మీ బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి.

అసలు ఏ తప్పూ చేయకుండా, సరుకు అమ్మి తీసుకున్న డబ్బు వల్లే ఖాతా ఆగిపోయిన దుకాణాలూ ఉన్నాయి. అలా అయితే బ్రాంచికి వెళ్లి మూడు విషయాలు అడగండి: ఫిర్యాదు నంబర్ ఏమిటి, ఏ రాష్ట్రంలో ఏ పోలీస్ స్టేషన్ నుంచి వచ్చింది, ఎంత మొత్తం మీద. గొడవ ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి మిగతాది వదలమని రాసివ్వండి, నోటిమాటగా అడిగి రాకండి. ఆ రోజు బిల్లు, స్టాక్ రిజిస్టర్, సీసీ కెమెరా వీడియో ఉంటే ఆ దర్యాప్తు అధికారికి పంపండి. కెమెరా పాత వీడియోలను చెరిపేసుకుంటుంది, తెలిసిన రోజే కాపీ తీయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. ఇంటి ఖర్చుల ఖాతా, దుకాణం ఖాతా వేరుగా పెట్టుకుంటే ఒకటి ఆగినా పిల్లల ఫీజు ఆగదు.

మీ డబ్బే పోతే మాత్రం ఇరుగుపొరుగును అడుగుతూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపించే అవకాశం అప్పుడే ఉంటుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టి, నంబర్ రాసుకోండి. ఈ 1930ని మార్కర్‌తో గల్లాపెట్టె మూత లోపల రాశాను, కంగారులో ఫోన్‌లో వెతకలేం.

ఇంకొకటి, ఆ 2,200 మా పిల్లవాడి జీతంలో కోయలేదు. వాడికి స్పీకర్ వినమని నేను ముందు చెప్పి ఉండాల్సింది. కోస్తే ఇంకోసారి ఇలా జరిగినా భయపడి దాచిపెడతాడు, మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఇప్పుడు వాడే గిరాకీకి చెప్తాడు, "అన్నా, మోగలేదు, ఒక్క నిమిషం ఆగండి" అని.