మొదటి ఉద్యోగంలో ఇంజనీరు ముందుగా అలవరచుకోవలసింది చదవడం

చదువుకునే రోజుల్లో ఖాళీ ఫైలుతో ప్రోగ్రాము మొదలుపెట్టడానికి అలవాటుపడిన ఇంజనీరుకు, ఉద్యోగంలో చేరిన వారం తిరక్కుండానే, ఎందరో ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన వేలాది వరుసల కోడు ఎదురవుతుంది. దాన్ని మొదటి ఫైలు నుంచి చదువుతూ పోతే మిగిలేది అలసటే. అందువల్ల ఒక్క పనిని ఎంచుకోండి: లాగిన్ బటన్ నొక్కగానే ఆ రిక్వెస్టు ఏ ఫంక్షన్‌కు చేరుతోందో, ఏ టేబుల్‌ను చూస్తోందో, పాస్‌వర్డ్ తప్పయితే ఎక్కడి నుంచి వెనక్కి మళ్లుతోందో డీబగ్గర్‌లో (ప్రోగ్రామును ఆపి ఆపి నడిపి చూసే సాధనం) అడుగడుగునా గమనిస్తూ కాగితంపై గీసుకోండి.

కోడు అలా ఎందుకు ఉందో చాలాసార్లు దాని చరిత్రలోనే తెలుస్తుంది. లినక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన, కోడు మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ వాడకాన్ని కొత్తవారు సాధారణంగా కమిట్ (మార్పును నమోదు చేయడం), పుష్ (పంపడం), పుల్ (తెచ్చుకోవడం) దగ్గరే ఆపేస్తారు. అనవసరమనిపించిన షరతును తీసేయబోయే ముందు ‘గిట్ బ్లేమ్’ నడిపితే (పేరులో నింద ఉన్నా పని మాత్రం ఆచూకీ తీయడమే) ఆ వరుసను చివరగా మార్చిన కమిట్ దొరుకుతుంది. దాని సందేశంలో ఏదో పాత బగ్ కథ ఉండవచ్చు. నిన్నటిదాకా నడిచినది ఇవాళ ఆగిపోతే ‘గిట్ బైసెక్ట్’ వాడండి. అది మార్పుల వరుసను ప్రతిసారీ సగానికి తగ్గిస్తుంది కనుక, 1000 కమిట్‌లున్నా సుమారు 10 పరీక్షల్లో దోషి బయటపడుతుంది.

సహాయం అడగడం మాత్రం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. సెట్ చేయని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాముకు బయటి నుంచి ఇచ్చే సెట్టింగు) కోసం మొహమాటంతో మూడు రోజులు తంటాలు పడితే, పక్క సీటులోని సీనియర్ అయిదు నిమిషాల్లో పట్టుకున్నారు. గంటసేపు ప్రయత్నించినా ముందుకు కదలకపోతే అడగండి. అయితే ‘సర్వర్ పనిచేయడం లేదు’ అని కాకుండా, ‘ఉదయం కొత్త బ్రాంచ్ కలిపినప్పటి నుంచి లాగిన్‌లో 500 ఎర్రర్ వస్తోంది, లాగ్‌లో డేటాబేస్ కనెక్షన్ నిరాకరించినట్లు ఉంది, పోర్టు సరిచూశాను’ అని రాయండి. ఇలా రాస్తూండగానే జవాబు తట్టిన సందర్భాలు తక్కువేమీ కావు.

తోటి ఇంజనీర్లు పరిశీలించే రివ్యూకు పంపే మార్పులు చిన్నవిగా ఉంచండి. వాటిలో మొదటిది సెటప్ డాక్యుమెంట్‌కు సవరణ అయితే మరీ మంచిది. అందులో పాతబడిన దశలు పాతవారి కంటికి ఆనవు, వాటిని పాటిస్తూ తడబడిన మీకే కనిపిస్తాయి.