వాన లేని రోజు నాలాలో నీళ్లెందుకు పారుతున్నాయి? మీ కాలనీ వరద కాలువను చెక్ చేయడం ఎలా

ముందు ఒక తేడా చూసుకుందాం. ఇళ్ల మురుగు పోయే డ్రైనేజీ లైన్ వేరు, వాన నీళ్లు పోయే వరద కాలువ, అంటే నాలా, వేరు. వరద కాలువను కట్టిందే వాన నీళ్లను ఏ శుద్ధీ లేకుండా నేరుగా చెరువుకో నదికో చేర్చడానికి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు హుస్సేన్‌సాగర్‌కు చేరతాయి, మూసీలో పడే నాలాలు ఇంకెన్నో ఉన్నాయి, ఆ మూసీ వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే మీ వీధి జాలీలో ఎవరో బకెట్‌తో పారబోసిన ఇంజిన్ ఆయిల్ చెరువులో పోసినట్టే.

చెక్ చేయడానికి వాన రోజు వద్దు. వాన ఆగి మూడు రోజులు గడిచాక వెళ్లండి, నా లెక్కలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. మూడు రోజులుగా చినుకు లేకపోయినా కాలువలో ధార పారుతోందంటే అది ఎక్కడి నుంచో వస్తున్న మురుగో, పైపు లీకో, ఎవరో వదిలిన వ్యర్థ జలమో అయి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి తిరిగితే జూన్‌లో వానలు మొదలయ్యేలోపు బాగు చేయించే టైమ్ ఉంటుంది.

ఒంటరిగా వెళ్లొద్దు. బూట్లు, గ్లౌజులు వేసుకోండి, పొడవాటి కర్ర ఒకటి పట్టుకోండి. మ్యాన్‌హోల్ మూత మీరు తీయొద్దు, డబ్బులిచ్చి ఇంకొకరిని లోపలికి దింపనే దింపొద్దు. లోపలి విషవాయువు ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషిని పడేస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సీవర్‌లోకి, అంటే మురుగు లైన్‌లోకి, దించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. తెరిచి ఉన్న నాలాల్లో పడి పిల్లలు చనిపోయిన నగరం మనది, అందుకే మూత లేని చోటు కనపడితే మిగతా చెకింగ్ పక్కన పెట్టి ముందు దాని మీద కంప్లయింట్ ఇవ్వండి.

ఇక నడక. కాలువ చివర నుంచి ఎగువకు నడవండి. కలిసే ప్రతి పైపు దగ్గరా ఆగి చూడండి, నీళ్లు ఎక్కడి దాకా మురికిగా ఉన్నాయి, ఎక్కడ తేటపడ్డాయి అని. ఆ రెండు చోట్ల మధ్యే ఉంటుంది అసలు సంగతి. మా కాలనీలో పొద్దున ఏడింటికి తెల్లటి నురగ వచ్చేది, పక్కనున్న టిఫిన్ సెంటర్ పనే అని అందరం అనేసుకున్నాం. నురగ వెంట పైకి నడిస్తే ఆ సెంటర్ దాటి ఇంకో రెండు సందుల అవతల ఒక అపార్ట్‌మెంట్ దగ్గర తేలాం. బాల్కనీల్లోని వాషింగ్ మెషిన్ల నీళ్లన్నీ మేడ మీది వాన నీటి పైపుకే కలిపేశారు. కడుతున్నప్పుడే చేసిన తప్పు, అక్కడ ఉంటున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. అందుకే ఎవరి మీదైనా నింద వేసే ముందు కాలువ వెంట నడవమంటాను.

నీళ్లను చూడగానే కొంత తెలుస్తుంది. బూడిద రంగులో కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంటే మురుగు అనుకోవచ్చు. పాలలా తెల్లగా ఉంటే దగ్గర్లో టైల్స్ కోస్తున్నారేమో, కాంక్రీట్ మిక్సర్ కడుగుతున్నారేమో చూడండి, సిమెంట్ నీళ్లలో పీహెచ్ స్ట్రిప్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చూపే కాగితం) ముంచితే 11 దాటుతుంది. పైన ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే పుల్లతో ఒక గీత గీయండి. పొర గాజు పెంకుల్లా ముక్కలైతే అది ఇనుము ఉన్న నీళ్లలో బాక్టీరియా కట్టిన పొర, గీసిన చోట మళ్లీ కలిసిపోతే ఆయిల్. తేటగా, వాసన లేకుండా పారుతుంటే క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూపే చిన్న కిట్‌తో, చూడండి, నీళ్లు పసుపు రంగుకు తిరిగితే మంచినీళ్ల పైపు ఎక్కడో పగిలింది. మురుగని అనుమానంగా ఉంటే అక్వేరియం షాపుల్లో అమ్మే అమోనియా కిట్ పనికొస్తుంది, మురుగులో అమోనియా ఉంటుంది కాబట్టి.

కార్పొరేషన్ సొంత జాగాలను మాత్రం వదలొద్దు. చెత్త బండ్లు ఆగే చోట కారే నల్లటి రసం ఎటు పోతోంది, బండ్లు కడిగే షెడ్డు నీళ్లు ఏ జాలీలో పడుతున్నాయి అని చూడండి. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది పూడిక కుప్పలు. కాలువలోంచి తీసిన నల్లటి బురదను, అందులో ఇరుక్కున్న కవర్లతో సహా గట్టు మీదే పోసి వెళ్లిపోతారు, వారం తిరక్కముందే వాన పడి అదంతా మళ్లీ కాలువలోకే జారుతుంది. తీసిన రోజే ఫొటో తీయండి, రెండు రోజుల తర్వాత మళ్లీ తీయండి.

కంప్లయింట్‌లో టైమ్ ఉన్న ఫొటో, దగ్గరి కరెంటు స్తంభం నంబర్ పెడితే సిబ్బంది వెతుక్కునే పని ఉండదు. మురుగైనా మంచినీళ్ల లీకైనా హైదరాబాద్ జలమండలికి, ఫోన్ నంబర్ 155313. పూడిక, మూతలు, చెత్త కార్పొరేషన్‌కు. ఫ్యాక్టరీ రంగులు, రసాయనాల వాసనలు కాలుష్య నియంత్రణ మండలికి. రాత్రి పూట సెప్టిక్ ట్యాంకర్ నాలాలో ఖాళీ చేస్తూ కనిపిస్తే దూరం నుంచే బండి నంబర్ తీసుకోండి, ఎదురెళ్లి గొడవ పడొద్దు.

పని అయిపోయిందని మెసేజ్ వచ్చాక కూడా, వాన లేని మూడు రోజులు చూసుకుని అదే స్తంభం దగ్గరికి అదే టైమ్‌కు వెళ్లండి. ఇంకా పారుతుంటే పాత కంప్లయింట్ నంబర్ చెప్పి, కొత్త ఫొటో పెట్టి మళ్లీ తెరిపించండి.