బెంగళూరు ఎండకి గ్రీన్ టీ ఒక్కటే చాలదు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. బెంగళూరులో మాత్రం ఆ తర్వాత కూడా పొద్దున్నే గాలి చల్లగానే తగులుతుంది. చిక్కంతా అక్కడే. మా చెల్లి కడప నుంచి ఉద్యోగానికి వచ్చిన మొదటి వేసవిలో, "44 డిగ్రీలు చూసినదాన్ని అక్కా, 34 కూడా ఒక ఎండేనా?" అంటూ రోజూ మారతహళ్ళి నుంచి స్కూటీ మీద వెళ్ళొచ్చేది. మే నెలలో ఒకరోజు గాజులు పైకి జరిపి చూపించింది. గాజుల కింద చర్మం పాత రంగులోనే ఉంది. అక్కడి నుంచి వేళ్ళ దాకా మాడిన అట్టు రంగు. చెంపల మీద మంగు కూడా మొదలైంది. అది తగ్గడానికి ఏడాది పైనే పట్టింది. ఎండకి చర్మం పాడవకుండా గ్రీన్ టీ తాగితే, రాసుకుంటే చాలదా అని అడిగేవాళ్ళకి అందుకే ఇదంతా చెప్తున్నాను.

వేడి వేరు, ఎండలో కంటికి కనబడకుండా చర్మాన్ని కాల్చే యూవీ (అతినీలలోహిత) కిరణాలు వేరు. చెమట పట్టలేదంటే చర్మం కాలలేదని కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే యూవీ పది శాతం దాకా పెరుగుతుంది. పైగా ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, మన నీడ మన కాళ్ళ కిందే ఉండిపోతుంది. మబ్బుంది కదా అనుకోవద్దు, పల్చటి మబ్బులోంచి యూవీలో చాలా భాగం దిగుతుంది. కాబట్టి ఫోన్‌లో ఉష్ణోగ్రతతో పాటు యూవీ ఇండెక్స్, అంటే యూవీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె కూడా చూడండి. 8 నుంచి చాలా ఎక్కువని, 11 నుంచి విపరీతమని లెక్క.

ఇక ఇప్పుడు అందరూ అడుగుతున్న గ్రీన్ టీ. దాంట్లో మేలు లేదని నేననను. ఆ ఆకులో కాటెచిన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. ఇవి గొడుగులా కిరణాలను ఆపవు. కిరణాలు తగిలాక చర్మంలో రేగే వాపును, కణాలకు జరిగే నష్టాన్ని కొంత తగ్గిస్తాయి. 2001లో అమెరికాలో కొందరి చర్మానికి గ్రీన్ టీ సారం రాసి, తర్వాత యూవీ తగిలించి చూస్తే ఎర్రదనం, డీఎన్ఏ నష్టం రెండూ తగ్గాయి. 2011లో జర్మనీలో రోజుకి 1,400 మిల్లీగ్రాముల కాటెచిన్లు 12 వారాలు తాగిన ఆడవాళ్ళలో ఎర్రబడటం 25 శాతం తగ్గింది. 2015లో ఇంగ్లండ్‌లో 12 వారాలు చేసిన మరో పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే దీన్ని తోడుగా మాత్రమే పెట్టుకోండి, దీని మీదే భారం వెయ్యకండి.

తాగేవాళ్ళు నీళ్ళు మరిగాక రెండు మూడు నిమిషాలు ఆగి ఆకు వెయ్యండి, లేకపోతే చేదెక్కుతుంది. పాలు వద్దు, రెండు చుక్కల నిమ్మరసం మంచిది. అన్నం తిన్న వెంటనే మాత్రం తాగొద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కదా, కనీసం గంట ఆగండి.

గ్రీన్ టీ మాత్రల జోలికి అసలు వెళ్ళకండి. రోజుకి 800 మిల్లీగ్రాముల ఈజీసీజీ దాటితే కాలేయానికి చేటు జరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే హెచ్చరించింది. కప్పులో తాగే టీకీ, గాఢమైన మాత్రకీ పోలికే లేదు.

ఇంట్లో కాచిన టీని ముఖానికి రాసుకుని బయల్దేరేవాళ్ళనీ చూశాను. పొద్దున కాచిన కప్పు మధ్యాహ్నం దాకా వదిలేసి చూడండి, గోధుమరంగుకి తిరిగిపోతుంది. గాలి తగిలితే ఆ కాటెచిన్లు అంత తొందరగా పాడవుతాయి. క్రీము డబ్బా మీద టీ ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన అది సన్‌స్క్రీన్ అయిపోదు, ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్పీఎఫ్ అంకె చూసి కొనండి.

అసలు కాపాడేది ఎస్పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీనే. అది యూవీలో చర్మాన్ని ఎర్రగా కాల్చే రకమైన యూవీబీలో 97 శాతం దాకా ఆపుతుంది, కానీ పల్చగా పూస్తే కాదు. ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకోండి, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయండి. మెడ వెనకాల, చెవులు, చేతుల వెనకభాగం, చాలామంది మరిచిపోయేవి ఇవే. క్యాబ్ కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు కూడా రాసుకోవాలి, మామూలు అద్దం యూవీలో చర్మం లోతుకి దిగే రకమైన యూవీఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. బండి మీద వెళ్ళేవాళ్ళకి పొడుగు చేతుల కాటన్ చొక్కా, గ్లవ్స్ తప్పనిసరి. వీలైతే పది నుంచి మూడు మధ్య బయట పని పెట్టుకోకండి.

మా చెల్లి ఇప్పుడు గ్లవ్స్‌ని బండి తాళంతో పాటు ఒకే కొక్కేనికి తగిలిస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చాక టీ తాగుతుంది.