ఇంగ్లండ్ కోటలకు ఒకే పాస్

ఇండియా నుంచి కుటుంబంతో ఇంగ్లండ్ పల్లెలు, కోటలు చూడ్డానికి వెళ్తున్నారా? ప్రతిచోటా విడిగా టికెట్ కొనకండి. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ విదేశీ సందర్శకుల కోసం 9 రోజులకు, 16 రోజులకు పాస్‌లు ఇస్తుంది. ఫ్యామిలీ పాస్ కూడా ఉంది. వేల ఏళ్ల నాటి రాతి వలయం స్టోన్‌హెంజ్, డోవర్ కోట సహా వందకు పైగా చోట్లకు అదొక్కటే చాలు. లండన్ టవర్, విండ్సర్ కోట మాత్రం ఇందులో రావు.

స్టోన్‌హెంజ్‌కు పాస్ ఉన్నా టైమ్ ముందే బుక్ చేసుకోండి. విజిటర్ సెంటర్ నుంచి రాళ్ల దగ్గరికి సుమారు 2 కిలోమీటర్లు. షటిల్ బస్సు ఉంటుంది కాబట్టి అమ్మానాన్నలు నడవలేరేమోనన్న టెన్షన్ వద్దు. కానీ అంతా బయలు, వేసవిలోనూ చలిగాలి కొడుతుంది. మఫ్లర్లు, రెయిన్‌కోట్లు చేతిసంచిలోనే ఉంచుకోండి. దగ్గర్లోనే సాల్స్‌బరీ కెథీడ్రల్‌ (పెద్ద చర్చి)లో, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టా అసలు ప్రతి ఉంది. దానికి టికెట్ వేరే, అయినా వదులుకోవద్దు.