కారు మ్యాపా, ఫోన్ మ్యాపా – నాలుగో పాఠం: సిగ్నల్ లేని దారి

పోయిన పాఠంలో మన కారు స్క్రీన్‌కి సొంత మ్యాప్ ఉందా, లేక ఫోన్‌లోదే అక్కడ కనిపిస్తోందా అన్నది తేల్చుకున్నాం. కేబుల్ పీకేసి, బ్లూటూత్, వైఫై ఆపేసి నావిగేషన్ గుర్తు నొక్కినా మ్యాప్ వచ్చిందంటే అది కారుదే, రాలేదంటే మీ దగ్గరున్నది ఫోన్‌లోదాన్నే కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే మాత్రమే. ఇంకా ఆ పరీక్ష చెయ్యనివాళ్ళు ముందు అది చేసి రండి, అది తేలకపోతే ఈ పాఠంలో సగం మీకు పనికిరాదు.

ఈసారి నెట్ పోయే దారిలో ఏం చెయ్యాలో చూద్దాం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారే తీసుకుందాం, మనవాళ్ళు చాలామంది వెళ్ళే దారి కాబట్టి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి దాకా ఫోన్ హాయిగా దారి చూపిస్తుంది, ఏ ఇబ్బందీ ఉండదు. మన్ననూరు దాటి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవిలోకి వెళ్ళాకే కథ మారుతుంది, చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, ఉన్నా ఒక నెట్‌వర్క్‌కి ఉండి ఇంకోదానికి ఉండదు, అప్పుడు పక్క సీట్లోవాళ్ళు "మ్యాప్ పోయింది" అంటారు. అసలు పోయింది ఏంటో తెలిస్తే కంగారు ఉండదు, అందుకే ముందు అది చెప్తాను.

దారి చూపించడంలో మూడు వేరువేరు పనులున్నాయి. మీరెక్కడున్నారో కనిపెట్టడం ఒకటి, ఆ చోటు చుట్టూ ఏ రోడ్లున్నాయో తెలియడం రెండోది, ఆ రోడ్లమీద ఇప్పుడు రద్దీ ఎలా ఉందో తెలియడం మూడోది. మొదటిదానికి నెట్ అక్కర్లేదు. ఇది చాలామంది నమ్మరు గానీ నిజం, జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సిగ్నల్ పంపుతుంటాయి, మన ఫోన్ రేడియోలాగా ఊరికే వింటుంది అంతే, తిరిగి వాటికి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే మీ చోటు లెక్క తేలిపోతుంది. సిమ్ కార్డ్ తీసేసినా సరే.

మరి నెట్ దేనికంటే, రోడ్ల బొమ్మ దించుకోడానికి, పేరు కొట్టి వెతకడానికి, ట్రాఫిక్‌కి. ఇంకో చిన్న సాయం కూడా చేస్తుంది, అది తెలుసుకుంటే చాలా ఉపయోగం. ప్రతి ఉపగ్రహం తాను ఏ కక్ష్యలో ఉందో వివరాలు తనే పంపిస్తుంది, కానీ సెకనుకి 50 బిట్ల వేగంతో, అంటే ఆ వివరాలు పూర్తిగా అందడానికే 30 సెకన్లు పడుతుంది, మధ్యలో చెట్టో కొండో అడ్డొస్తే ఇంకా లేటు. నెట్ ఉంటే ఫోన్ అదే సమాచారాన్ని నెట్‌లోంచి చిటికెలో తెచ్చుకుంటుంది. అందుకే స్విచాఫ్ అయిన ఫోన్‌ని అడవి మధ్యలో ఆన్ చేసి మ్యాప్ తెరిస్తే మీరున్న చోటు చూపించే నీలం చుక్క ఎంతసేపటికీ కుదురుగా నిలబడదు. మన్ననూరు రాకముందే మ్యాప్ తెరిచి, చుక్క నిలబడిందని చూసుకుని, దాన్ని అలాగే నడవనివ్వండి. చిన్న విషయమే గానీ దీనివల్ల సగం బాధలు తప్పుతాయి.

ఇప్పుడు చేతిలో ఫోన్ పట్టుకోండి, చేద్దాం. గూగుల్ మ్యాప్స్ తెరిచి కుడివైపు పైన మీ ఫొటో నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది, అందులో మీకు కావల్సిన మ్యాప్ మీరే ఎంచుకునే ఆప్షన్ నొక్కితే ఒక చతురస్రం వస్తుంది. చాలామంది చేసేది ఏంటంటే చేరాల్సిన ఊరు మాత్రం ఆ గడిలో పెట్టి దించేసుకుంటారు. అలా చాలదు. బయల్దేరే చోటు, చేరే చోటు, మధ్య దారి మొత్తం, దారికి రెండు పక్కలా కాస్త ఖాళీ, అన్నీ గడిలో పడాలి. మన దారికి హైదరాబాద్ దక్షిణం నుంచి శ్రీశైలం కింద దోర్నాల దాకా పట్టేలా గడి జరపండి, ఒక్క గడిలో పట్టకపోతే రెండు దించుకోండి, కాకపోతే ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా. ఎన్ని ఎంబీ అవుతుందో కిందే చూపిస్తుంది, ఇంట్లో వైఫై మీద దించుకోండి. ఇవి కలకాలం ఉండవు, గడువు ఉంటుంది, అప్‌డేట్ చెయ్యకపోతే పోతాయి, కాబట్టి ఎప్పుడో దించుకున్నాం కదా అని ధీమాగా ఉండకుండా బయల్దేరే ముందు రోజు ఒకసారి తెరిచి చూసుకోండి.

"ఆఫ్‌లైన్ లేకపోయినా మొన్న బాగానే వెళ్ళాం కదండీ" అంటారు కొందరు. అవును, వెళ్తారు. నెట్ ఉన్నప్పుడు నావిగేషన్ మొదలుపెడితే ఆ దారి ఫోన్‌లో నిలవ ఉంటుంది, నెట్ పోయినా దానిమీదే తీసుకెళ్తుంది. చిక్కల్లా మీరు ఒక మలుపు తప్పితేనో, టీకి ఆగి వేరే రోడ్డు ఎక్కితేనో, అప్పుడు కొత్త దారి లెక్కకట్టడానికి దాని దగ్గర మ్యాప్ ఉండదు, అలా తిరుగుతూ ఉంటుంది అంతే. ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంటే ఫోనే అక్కడికక్కడ కొత్త దారి లెక్కేస్తుంది. కాకపోతే ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ రంగులు రావు, వేరే దార్లు చూపించదు, కారు దారి మాత్రమే ఇస్తుంది, నడక దారి, బస్సు దారి ఉండవు.

ఇక కారు సంగతికొద్దాం. కారులో సొంత మ్యాప్ ఉంటే పైన చెప్పిన దించుకోవడాలేమీ అక్కర్లేదు, దేశం మొత్తం మ్యాప్ లోపలే కార్డులోనో మెమరీలోనో ఉంటుంది. మన దేశంలో చాలా కార్ల బిల్టిన్ మ్యాపులు మ్యాప్‌మైఇండియా వాళ్ళవి, 1995 నుంచి ఉన్న కంపెనీ, ఫోన్‌లో వాళ్ళ యాప్ పేరు మ్యాపుల్స్. అయితే కారుకి అసలు బలం మ్యాప్ కాదు, చక్రాలు. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కోసం ప్రతి చక్రం దగ్గరా ఉండే సెన్సర్ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చెప్తుంది, గైరో అనే ఇంకో సెన్సర్ ఎటు ఎంత తిరిగామో చెప్తుంది, ఈ రెండూ వాడుకునే సిస్టమ్ అయితే ఉపగ్రహం వినపడకపోయినా కాసేపు తన లెక్కమీదే చోటు చూపిస్తుంది. 1981లో హోండా వాళ్ళు జపాన్‌లో అకార్డ్ కారుకి ఇచ్చిన నావిగేషన్‌లో ఉపగ్రహం అనేదే లేదు, మొత్తం గైరోతోనూ, నడిచిన దూరంతోనూ, పారదర్శక ఫిల్మ్ మీద అచ్చేసిన మ్యాప్‌తోనూ నడిచింది, అంటే ఈ విద్య జీపీఎస్ కంటే ముందే కారులో ఉంది. ఫోన్‌లోనూ గైరో ఉంది గానీ చక్రం ఎంత తిరిగిందో దానికి తెలీదు, సొరంగంలోకి వెళ్తే అంతకుముందున్న వేగంతోనే పోతున్నాం అనుకుని చుక్కని జరుపుతుంది, లోపల ట్రాఫిక్‌లో ఆగారా, ఇక చుక్క ముందుకెళ్ళిపోతుంది మీరు వెనకుంటారు.

దీన్ని చూడ్డానికి సొరంగం దాకా వెళ్ళక్కర్లేదు, హైదరాబాద్‌లోనే చూడొచ్చు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, 11.6 కిలోమీటర్లు, కిందంతా మామూలు రోడ్డు. శ్రీశైలం వెళ్ళేవాళ్ళు చాలామంది ఇటే వస్తారు. జీపీఎస్‌కి అడ్డంగా నాలుగైదు మీటర్ల తేడా మామూలే, ఎత్తు దగ్గర ఇంకా ఎక్కువ తేడా వస్తుంది, పైన బ్రిడ్జిమీద ఉన్నారా కింద స్తంభాల మధ్య ఉన్నారా అన్నది దానికి అంత సులువుగా తెలియదు. పైగా కింద రోడ్డుమీద ఉంటే ఆకాశంలో సగం బ్రిడ్జే కప్పేస్తుంది. మీరు కిందుంటే అది పైనున్నావనుకుని అత్తాపూర్ దగ్గర తిరగాల్సిన మలుపు చెప్పదు. గూగుల్ వాళ్ళు 2024 జూలైలో మన దేశంలో ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా ముందే చెప్పే సదుపాయం తెచ్చారు, అది మంచి పనే, కానీ అది ఎక్కమని చెప్పడం వరకే, మీరు ఎక్కారా లేదా అన్నది అది ఊహించుకోవాల్సిందే. వాలు పసిగట్టే సెన్సర్ ఉన్న కారు ఇక్కడ నయం, ముక్కు పైకెత్తిన సంగతి దానికి తెలుస్తుంది. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డులో కారు మ్యాప్, ఫోన్ మ్యాప్ రెండూ ఆన్‌చేసి ఒకసారి పైన, ఒకసారి కింద వెళ్ళి చూడండి, ఏది ఎక్కడ తడబడుతుందో పక్క సీట్లోవాళ్ళు రాసుకోవాలి, మీరు కాదు.

కారు బలహీనత వెతకడం దగ్గరుంది, ఇక్కడే చాలామంది విసుగొచ్చి దాన్ని వదిలేస్తారు. ముందు రాష్ట్రం, తర్వాత ఊరు, తర్వాత చోటు అని అడిగే సిస్టమ్‌లు ఉన్నాయి. 2014కి ముందు మ్యాప్ ఉన్న కారైతే తెలంగాణ అని వెతికితే రాదు, హైదరాబాద్‌ని కూడా ఆంధ్రప్రదేశ్ కిందే వెతకాలి. జిల్లాలు ఇంకా తికమక, తెలంగాణలో 10 కాస్తా 33 అయ్యాయి, ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి, శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లా, పాత మ్యాప్‌లో కర్నూలు. ఇక రామాపురాలు, కొత్తపల్లులు మనకి ఎన్నున్నాయో చెప్పక్కర్లేదు, మండలం పేరు చూడకుండా మొదట కనపడ్డ పేరు నొక్కారంటే ఇంకో జిల్లాకి పోతారు.

దీనికి మందు అక్షాంశ రేఖాంశాలు. ఇది ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సిన పని, కాస్త నిదానంగా చెయ్యండి. ఫోన్‌లో కావల్సిన చోట వేలితో అదిమి పట్టుకుంటే పిన్ పడుతుంది, దాంతోపాటు రెండు అంకెలు కనపడతాయి. శ్రీశైలం గుడి దగ్గర పెడితే 16.0741, 78.8681 లాంటిది వస్తుంది. కొన్ని కార్లు దీన్నే తీసుకుంటాయి, కొన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో అడుగుతాయి, అప్పుడు మార్చుకోవాలి. చుక్కకి ముందున్న 16 అలాగే డిగ్రీలు. 0.0741ని 60తో గుణిస్తే 4.446, అందులో 4 నిమిషాలు. మిగిలిన 0.446ని మళ్ళీ 60తో గుణిస్తే 26.76, అంటే 27 సెకన్లు. రెండోదీ అంతే, 0.8681ని 60తో గుణిస్తే 52.086, కాబట్టి 52 నిమిషాలు, మిగిలిన 0.086ని గుణిస్తే 5 సెకన్లు. అంటే ఉత్తరం 16° 4' 27", తూర్పు 78° 52' 5". ఇవి కారులో కొట్టండి, జిల్లా పేరు ఏదైనా దానికి పనిలేదు.

ఒక్క జాగ్రత్త, 16.07ని చూసి 16 డిగ్రీల 7 నిమిషాలు అని కొట్టకండి. 16.07 అంటే 4 నిమిషాల 12 సెకన్లు. ఆ తేడా దాదాపు 3 నిమిషాలు, ఒక్కో నిమిషం 1.85 కిలోమీటర్లు, అంటే ఐదు కిలోమీటర్లకి పైగా ఉత్తరంగా పోతుంది మీ పిన్, కొండల్లోకి. చుక్క తర్వాత నాలుగంకెలు తప్పక రాసుకోండి, నాలుగో అంకె ఒకటి మారితే 11 మీటర్లే తేడా, గుడి వాకిలి తప్పదు. కొట్టాక కారు చూపించే మొత్తం దూరాన్ని ఫోన్‌లో దూరంతో పోల్చి చూడండి, రెండూ దగ్గరగా ఉంటే సరిగ్గా కొట్టినట్టే.

ఎండ గురించి కూడా చెప్పాలి, మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిలే చెప్తుంది, ఏప్రిల్ మధ్యాహ్నం డ్యాష్‌బోర్డ్ మీద అద్దం వెనక ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. ఛార్జింగ్, నావిగేషన్, ఎండ మూడూ కలిస్తే ఫోన్ ముందు వెలుతురు తగ్గించేస్తుంది, తర్వాత ఆగిపోతుంది. ఏసీ గాలి వచ్చే చోట హోల్డర్ పెట్టండి. అద్దాలకి లోహం పూత ఉన్న ఫిల్మ్ ఉంటే లోపలున్న ఫోన్‌కి ఉపగ్రహాలు సరిగా వినపడవు, కారు యాంటెన్నా టాప్ మీద ఉన్నవాళ్ళకి ఆ బాధ లేదు. ఫోన్‌ని దారి చూసుకోడానికి వాడటం తప్పు కాదు, 2020 అక్టోబర్ నుంచి మోటారు వాహనాల నిబంధనల్లోనే దానికి అనుమతి ఉంది, అయితే నడిపేవాళ్ళ ధ్యాస చెదరకూడదు. బండి కదిలాక ఏ మార్పు కావాలన్నా పక్కవాళ్ళే చెయ్యాలి, ఒక్కరే ఉంటే ఆపి చెయ్యండి.

ఇంకొకటి, రెండు మ్యాపుల్నీ నమ్ముకోకుండా తెలుసుకోవాల్సింది. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, జంతువుల కోసం, అటు దోర్నాల వైపు కూడా అంతే. మ్యాప్ ఇచ్చే చేరే టైమ్‌లో ఈ గేటు లెక్క ఉంటుందని అనుకోకండి. సాయంత్రం ఆఫీస్ అయ్యాక బయల్దేరేవాళ్ళు చెక్‌పోస్ట్‌నే మధ్యలో స్టాప్‌గా పెట్టుకుని అక్కడికి ఎన్నింటికి చేరతారో చూడండి, ఎనిమిదిన్నర దాటేలా ఉంటే కల్వకుర్తిలో పడుకుని తెల్లారి వెళ్ళడం మేలు.

ఈ వారం పని. మీ ఊరి మ్యాప్ దించుకుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ ఆన్‌లోనే ఉందని చూసుకుని, మీకు బాగా తెలిసిన చోటికి నావిగేషన్ పెట్టుకుని వెళ్ళండి. మధ్యలో కావాలనే ఒక మలుపు తప్పండి, కొత్త దారి ఇచ్చిందా, ఎంతసేపట్లో ఇచ్చింది రాసుకోండి. కారులో సొంత మ్యాప్ ఉన్నవాళ్ళు మీ ఇంటి అంకెలు పై లెక్క ప్రకారం మార్చి కారులో కొట్టి, గుర్తు మీ గేటుకి ఎంత దగ్గరగా పడిందో చూడండి. వచ్చే పాఠంలో కారు మ్యాప్‌ని మనమే అప్‌డేట్ చేసుకోవడం చూద్దాం, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ దగ్గర పెట్టుకోండి, ఎన్ని జీబీది కావాలో మీ కారు మాన్యువల్‌లో నావిగేషన్ పేజీలో ఉంటుంది.